డ్రాగ్ స్ట్రిప్‌లో చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయా? ఏ టైరు ఏ కారుకి సరిపోతుంది

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటూ, వారమంతా ఆఫీసుకు నడిపిన మస్టాంగ్ జీటీనే సెలవు రోజున ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ స్ట్రిప్‌కి (పావు మైలు తిన్నటి దారిలో రెండేసి కార్లు పోటీపడే ట్రాక్) తీసుకెళ్లే మనవాళ్లు ఉన్నారు. పచ్చ లైటు వెలగగానే వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయి, పొగ వస్తుంది, కారు మాత్రం కదలదు. పక్క లేన్‌లో అంతకంటే తక్కువ పవర్ ఉన్న కారు ముందుకెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు అందరిదీ ఒకటే: స్లిక్స్ (గాడులే లేని రేస్ టైర్లు) కొనాలా, డ్రాగ్ రేడియల్స్ (రోడ్డు మీద కూడా వాడుకోగల మెత్తటి రబ్బరు టైర్లు) చాలా?

జవాబు కోసం టైర్ల షాపు కంటే ముందు మీ టైమ్ స్లిప్ (పరుగు తర్వాత ట్రాక్ వాళ్లిచ్చే చీటీ) చూడండి. అందులో 60 అడుగులు, 330 అడుగులు, ఎనిమిదో వంతు మైలు, వెయ్యి అడుగులు, పావు మైలు దగ్గర పట్టిన సమయాలు వరసగా ఉంటాయి. చివర్లో ట్రాప్ స్పీడ్, అంటే ముగింపు గీత దగ్గరి వేగం, ఉంటుంది. ఇంజిన్ సత్తా ట్రాప్ స్పీడ్‌లో తెలుస్తుంది, టైరు పట్టు 60 అడుగుల అంకెలో తెలుస్తుంది. ట్రాప్ దగ్గర గంటకు 115 మైళ్లు చూపించే కారు పన్నెండు సెకన్ల మొదట్లో ముగించాలి. అది 13 దాటుతోందంటే పవర్‌కి లోటు లేదు, ఆ పవర్ నేల మీదికి దిగడం లేదు. మొదటి 60 అడుగుల్లో పదో వంతు సెకను మిగిలితే పావు మైలు చివరికి అది సెకనులో 0.15 నుంచి 0.2 దాకా అవుతుందని రేసర్లు లెక్క వేసుకుంటారు. ఇంజిన్ మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే టైరు మీద పెట్టిన డబ్బుకి ఫలితం త్వరగా కనిపించేది అందుకే.

అయితే వీలైనంత ఎక్కువ పట్టున్న టైరు కొనమని నేను చెప్పను. వీల్‌స్పిన్ (చక్రం ఉన్నచోటే తిరగడం) ఆగడానికి ఎంత కావాలో అంతే కొనండి. చక్రం జారుతున్నంత సేపూ ఇంజిన్ విసురు జారుడులో పోతుంది. జారడం పూర్తిగా ఆగిపోతే ఆ విసురంతా యాక్సిల్, డిఫరెన్షియల్, క్లచ్ భరించాలి. అవసరానికి మించిన టైరు వేసుకున్నవాళ్లు ఏదో ఒక రోజు కారుని ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకుంటారు.

ఎంత పట్టు కావాలి?

చిన్న లెక్క చూద్దాం. స్టేజింగ్ బీమ్ (స్టార్టింగ్ లైన్ దగ్గరి కాంతి కిరణం) దగ్గర కారు మొదటి అడుగు కదిలాకే గడియారం మొదలవుతుంది కాబట్టి, 60 అడుగులకు 2.2 సెకన్లు పట్టిందంటే సగటు వేగవృద్ధి సుమారు 0.6 జి (1 జి అంటే కిందపడే వస్తువుకి భూమి ఆకర్షణ ఇచ్చే వేగవృద్ధి). అదే 1.7 సెకన్లంటే దాదాపు 1 జి. మస్టాంగ్ లాంటి ముందు ఇంజిన్, వెనక డ్రైవ్ కారులో నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రాల మీద పడేది సగం కంటే తక్కువ బరువే. లాంచ్‌లో, అంటే కారు ఒక్కసారిగా బయల్దేరేటప్పుడు, కొంత బరువు వెనక్కి మళ్లుతుంది. అలా మళ్లాక మొత్తం మీద అరవై శాతం దాకా వెనక పడిందనుకుంటే, ఘర్షణ గుణకం 1 ఉన్న మంచి రోడ్డు టైరు ఇవ్వగలిగేది ఆ 0.6 జి మాత్రమే. అంటే రోడ్డు టైరుతో 2.2 తెచ్చుకున్నవాడు టైరు ఇవ్వగలిగినదంతా పిండుకున్నట్టే, అక్కడ డ్రైవర్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అక్కడి నుంచి 1.7కి రావాలంటే ఘర్షణ గుణకం ఒకటిన్నర దాకా చేరాలి. మామూలు రబ్బరుతో అది కుదరదు. మెత్తటి, వేడెక్కితే జిగురుగా మారే రబ్బరు కావాలి, ఆ జిగురుని పట్టుకునే నేల కూడా కావాలి.

రెండోది చాలామంది మర్చిపోతారు. 1986లో రేసర్ బిల్లీ మేయర్ కట్టించిన మోటార్‌ప్లెక్స్ పావు మైలు పొడవునా కాంక్రీటు. దాని మీద రబ్బరు రుద్ది, పట్టు పెంచే జిగురు మందు కొడతారు. అయితే ఫాల్ నేషనల్స్ లాంటి పెద్ద రేసుకి చేసినంత తయారీ ఎవరి కారు వాళ్లు పరీక్షించుకునే మామూలు టెస్ట్ అండ్ ట్యూన్ రాత్రికి చేస్తారనుకోకండి. బాగా తయారైన నేల మీద స్లిక్‌కీ రోడ్డు టైరుకీ మధ్య తేడా చాలా పెద్దది. దుమ్ము పట్టిన నేల మీద ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. మీరు ఎక్కువగా వెళ్లే ట్రాక్ ఎలాంటిదో చూసుకున్నాకే టైరు సంగతి తేల్చుకోండి.

ముందు ఉన్న టైర్లతోనే

కొత్తది కొనే ముందు కారుకున్న టైర్లలో గాలి తగ్గించి చూడండి. వెనక టైర్లలో 32 నుంచి 35 పీఎస్ఐ ఉంటే, రెండేసి చొప్పున తగ్గిస్తూ 26 దాకా రండి. ప్రతి పరుగు తర్వాతా 60 అడుగుల అంకె రాసుకోండి. పందొమ్మిది అంగుళాల రిమ్ము మీద పలచటి సైడ్‌వాల్ ఉన్న టైరుని అంతకంటే బాగా కిందికి దింపితే లాభం ఉండదు, రిమ్ముకి దెబ్బ తగిలే ప్రమాదం మాత్రం ఉంటుంది. ముందు టైర్లలో గాలి తగ్గించకండి.

గాడులున్న రోడ్డు టైరుతో వాటర్ బాక్స్‌లోంచి (స్టార్టింగ్ లైన్‌కి ముందు టైర్లు తడుపుకునే చోటు) వెళ్లకండి. ఆ గాడుల్లో నీళ్లు నిలుస్తాయి, వాటిని మీరే స్టార్టింగ్ లైన్ దాకా మోసుకెళ్తారు. మీ టైరే కాదు, మీ వెనక వచ్చేవాళ్ల టైరు కూడా జారుతుంది. పక్కనుంచి వెళ్లి, పొడి నేల మీద ఒక్కసారి చక్రం తిప్పి దుమ్ము దులుపుకుంటే చాలు.

ఆల్ సీజన్ టైర్ల మీదున్న కారుకి మంచి సమ్మర్ టైరు మార్చడం కూడా ఒక మెట్టే. కాకపోతే సమ్మర్ రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలిలో బిగుసుకుపోతుంది. డాలస్‌లో జనవరి రాత్రుల్లో దాన్నుంచి పట్టు ఆశించకండి.

సెమీ స్లిక్ ఎందుకు వద్దంటానంటే

సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ (రబ్బరు ఎంత కాలం అరగకుండా ఉంటుందో చెప్పే అంకె) 100 అనో 200 అనో ఉన్న ట్రాక్ టైర్లు (సెమీ స్లిక్స్ అనేది వీటినే) చూసి, అంకె తక్కువ కాబట్టి పట్టు ఎక్కువని కొనేస్తారు. రబ్బరు వరకు ఆ మాట నిజమే. అయితే టోయో ఆర్888ఆర్ లాంటివి మలుపుల కోసం చేసిన టైర్లు. మలుపులో పక్కకి ఒరగకుండా ఉండాలని వాటి సైడ్‌వాల్‌ని గట్టిగా కడతారు. లాంచ్‌కి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. చక్రం తిరగడం మొదలైనా నేలని పట్టుకున్న భాగం ఒక్క క్షణం ఆగి, తడిబట్ట పిండినట్టు సైడ్‌వాల్ మెలితిరగాలి. ఆ మెలికలో విసురు కొంత ఇంకిపోతుంది, నేలకి ఆనే భాగం పొడుగవుతుంది, తర్వాత ఆ మెలిక విచ్చుకుంటూ కారుని ముందుకు తోస్తుంది. గట్టి సైడ్‌వాల్‌కి ఇది చేతకాదు. ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే మలుపుల ట్రాక్‌కి కూడా ఇదే కారు తీసుకెళ్తానంటే సెమీ స్లిక్ కొనండి. డ్రాగ్ ఒక్కటే అయితే ఆ డబ్బు వేరే టైరుకి పెట్టండి.

డ్రాగ్ రేడియల్: ఎక్కువమందికి ఇదే

ట్రాక్‌కి నడుపుకుంటూ వెళ్లి, నడుపుకుంటూ తిరిగొచ్చే ఆటోమేటిక్ కారుకి నా సలహా డ్రాగ్ రేడియల్. రోడ్డు మీద వాడుకోవచ్చని సైడ్‌వాల్ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉంటుంది. లోపల రేడియల్ కట్టు, మీద మెత్తటి రబ్బరు. నిటారుగా, స్థిరంగా నడుస్తుంది కాబట్టి హైవే మీద భయం ఉండదు. తిరగడానికి ఎక్కువ శక్తి తినదు కాబట్టి ట్రాప్ స్పీడ్ కూడా బాగుంటుంది.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. మిక్కీ థాంప్సన్ ఈటీ స్ట్రీట్ ఎస్/ఎస్ లాంటివాటికి గాడులు ఎక్కువ, ఓ మాదిరి తడి రోడ్డు మీద ఇంటికి చేరుకోగలరు. ఈటీ స్ట్రీట్ ఆర్ లాంటివాటికి పేరుకి రెండు గాడులే, మిగతాదంతా నున్నటి రబ్బరు. ముద్ర రెంటికీ ఒకటే ఉన్నా వానలో రెండూ ఒకటి కావు. టెక్సాస్ వసంతకాలపు వాన ఎలా ముంచుకొస్తుందో అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. రెండో రకంతో ఐ-45 మీద నీళ్లు నిలిచిన చోట 65 మైళ్ల వేగంతో వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. ఇంట్లో పిల్లలు ఎక్కే కారు అదే అయితే మొదటి రకం తీసుకోండి, లేదా డ్రాగ్ టైర్లని వేరే రిమ్ముల మీద ఎక్కించి ట్రాక్‌లోనే మార్చుకోండి.

వేరే రిమ్ములు అనవసర ఖర్చులా అనిపిస్తుంది, నిజానికి పొదుపు. మెత్తటి రబ్బరుని రోజూ ఆఫీసుకి తిప్పితే కొన్ని వేల మైళ్లలోనే అరిగిపోతుంది. అంతకంటే ముఖ్యం, చిన్న రిమ్ము కొంటే పొడుగు సైడ్‌వాల్ దొరుకుతుంది. లెక్క చూడండి. మస్టాంగ్ వెనక వచ్చే 255/40ఆర్19 టైరుకి సైడ్‌వాల్ 102 మిల్లీమీటర్లు. 305/45ఆర్17 వేస్తే 137 మిల్లీమీటర్లు. మొత్తం ఎత్తు 27 అంగుళాల నుంచి 27.8కి మాత్రమే పెరుగుతుంది కాబట్టి గేరింగ్ పెద్దగా మారదు. వెడల్పు 50 మిల్లీమీటర్లు పెరిగిందని అందరూ సంబరపడతారు. నా లెక్కలో ఆ 35 మిల్లీమీటర్ల సైడ్‌వాల్‌కే ఎక్కువ విలువ. కొనే ముందు ఆ రిమ్ము వెనక బ్రేకు కాలిపర్‌కి తగలకుండా పడుతుందో లేదో అదే మోడల్ మీద వేసుకున్నవాళ్లని అడిగి తెలుసుకోండి.

గాలి విషయంలో టైరు తయారీదారు చెప్పిన కనిష్ఠం కంటే దిగకండి. ఆ హద్దులో ఉంటూ, పొడుగు సైడ్‌వాల్ ఉంటే 18 నుంచి 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పౌండే మార్చండి. నేల మీద పడిన నల్లటి గుర్తు చూస్తే దారి తెలుస్తుంది. అంచులు ముదురుగా, నడుమ పలచగా ఉంటే గాలి మరీ తక్కువ. నడుమే ముదురుగా ఉంటే ఎక్కువ. బర్నవుట్‌లో, అంటే పరుగుకి ముందు చక్రాలు తిప్పి రబ్బరు వేడెక్కించడంలో, పొగ మేఘాలు లేపక్కర్లేదు. నీళ్లు దాటి, చక్రాలు తిప్పి, సన్నగా పొగ మొదలవగానే ఆపేయండి. 2015 తర్వాతి మస్టాంగ్ జీటీలో లైన్ లాక్ (ముందు బ్రేకులు మాత్రమే పట్టి ఉంచే ఏర్పాటు) ఉంటుంది కాబట్టి వెనక బ్రేకులు కాల్చుకోకుండా ఈ పని అయిపోతుంది. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ గాలి నింపాలి. చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో ఉండాలి.

డ్రాగ్ రేడియల్‌కి ఒక గుణం ఉంది. పట్టుకుంటే గట్టిగా పట్టుకుంటుంది, ఒకసారి వదిలేసిందంటే మళ్లీ పట్టుకోవడం కష్టం. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి మళ్లీ తొక్కేలోపు పరుగు పోయినట్టే. ఆటోమేటిక్ కారులో టార్క్ కన్వర్టర్ విసురుని మెత్తబరుస్తుంది కాబట్టి ఇది పెద్ద ఇబ్బంది కాదు.

మాన్యువల్ గేర్‌బాక్స్ ఉంటే బయాస్ ప్లై

క్లచ్ ఒక్కసారిగా వదిలే కారులో సంగతి వేరు. ఆ దెబ్బని రేడియల్ దాదాపు యథాతథంగా యాక్సిళ్లకి అందిస్తుంది. ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ ఉన్న (వెనక చక్రాలు విడివిడిగా కదిలే) కార్లలో చక్రం పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం మొదలై కారు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. వీల్ హాప్ అనేది దీన్నే. హాఫ్ షాఫ్టులు (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకి శక్తినిచ్చే ఇరుసులు) విరిగేది ఎక్కువగా ఇక్కడే. బయాస్ ప్లై టైరులో లోపలి పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. సైడ్‌వాల్ మెత్తగా ముడతలు పడి దెబ్బని తనలో కలుపుకుంటుంది. కాస్త జారినా మళ్లీ పట్టుకుంటుంది. నేర్చుకుంటున్న డ్రైవర్ చిన్న పొరపాట్లని ఇది ఓర్చుకుంటుంది, ఆ గుణం నాకు చాలా ఇష్టం. ఇందులోనూ డీఓటీ ముద్ర ఉన్నవి దొరుకుతాయి, హూజియర్ క్విక్ టైమ్ ప్రో అలాంటిదే.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఉంది. ముందు రేడియల్, వెనక బయాస్ ఉంటే ట్రాప్ దగ్గరి వేగంలో కారు వెనక భాగం ఊగినట్టుంటుంది. అలవాటు లేనివాళ్లు కంగారుపడి స్టీరింగ్ తిప్పేస్తారు, అదే ప్రమాదం. గాలి రెండు పౌండ్లు పెంచితే ఊపు కొంత తగ్గుతుంది. హైవే మీద దీంతో దూరం వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. వేగం పెరిగేకొద్దీ టైరు ఎత్తు సాగుతుంది, తిరగడానికి శక్తి కూడా ఎక్కువ తింటుంది, అందుకే ట్రాప్ స్పీడ్ కాస్త తగ్గుతుంది. 60 అడుగుల దగ్గర సంపాదించిన దాంతో పోలిస్తే ఆ నష్టం చిన్నది.

అసలు స్లిక్

గాడులే లేని స్లిక్ రోడ్డు మీదికి రాకూడదు. దీని సైజు చెప్పే పద్ధతి కూడా వేరు: 28.0/10.5-15 అంటే ఎత్తు 28 అంగుళాలు, వెడల్పు 10.5, రిమ్ము 15. పట్టులో దీన్ని మించింది లేదు. 1950లలో మార్విన్ రిఫ్కిన్ ఎం అండ్ హెచ్ పేరుతో డ్రాగ్ కోసమే స్లిక్స్ చేయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ పందెం తీరే మారింది. గాలి పది, పన్నెండు పీఎస్ఐ దాకా దిగుతుంది. అంత తక్కువ గాలిలో టైరు నేలని పట్టుకుని ఉండగా రిమ్ము ఒక్కటే లోపల తిరిగిపోకుండా రిమ్ముకి స్క్రూలు బిగిస్తారు. పలచటి సైడ్‌వాల్‌లోంచి గాలి మెల్లగా కారిపోతుంది కాబట్టి ట్యూబు వేసేవాళ్లూ ఉన్నారు. బర్నవుట్ కూడా గట్టిగానే చేయాలి, రబ్బరు లోతు దాకా వేడెక్కాలి.

స్లిక్ కొనే ముందు ఒక నియమం తెలుసుకోండి. ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికాలో డ్రాగ్ రేసుల్ని నడిపే సంస్థ) నియమాల ప్రకారం 13.99 సెకన్లు, అంతకంటే వేగంగా పరిగెత్తే కారుకి స్లిక్స్ ఉంటే డ్రైవ్‌షాఫ్ట్ లూప్ తప్పనిసరి. రోడ్డు టైర్ల మీదైతే 11.49 దాకా అది లేకపోయినా ఒప్పుకుంటారు. షాఫ్టు ముందు జాయింటు తెగితే అది నేలలో గుచ్చుకుని కారుని పైకి లేపేయకుండా కాపాడే ఇనుప కట్టు అది. హెల్మెట్ ఎలాగూ 13.99 దగ్గర్నుంచే కావాలి. మీ టైరుని ఏ లెక్కలో వేస్తారో టెక్ ఇన్‌స్పెక్షన్ వాళ్లని (కారు నియమాల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్లు) ముందే ఫోన్ చేసి అడగండి. గేటు దగ్గర వెనక్కి పంపితే ఆ రోజంతా వృథా.

కారు ట్రెయిలర్ మీద వస్తుంది, యాక్సిళ్లు మార్చారు, లూప్ ఉంది అంటే స్లిక్ కొనండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఇంకా సమయం రాలేదనే నా అభిప్రాయం.

టైరు మార్చినా ఆగని వీల్‌స్పిన్ కొంత ఉంటుంది. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న కారులో ఒక్క చక్రమే తిరుగుతుంది. అక్కడ ముందు, రెండు చక్రాలకీ శక్తి చేరేలా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలి. వెనక క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) నెగటివ్ వైపు ఎక్కువగా ఉంటే టైరు లోపలి అంచు మీదే నిలబడుతుంది, వెడల్పు టైరుకి పెట్టిన డబ్బు సగం పోయినట్టే.

ముందు చక్రాలు లాగే హోండా సివిక్ లాంటి కార్లకి కష్టం ఎక్కువ, లాంచ్‌లో బరువు లాగే చక్రాల మీద నుంచే వెళ్లిపోతుంది. మంచి టైర్లు ముందు వేయాలి, వెనక సస్పెన్షన్ గట్టిపరచి కారు వెనక్కి కూర్చోకుండా చూడాలి. పాత సివిక్‌లకి 13 అంగుళాల రిమ్ము మీద 24.5/8.0-13 స్లిక్స్ దొరుకుతాయి. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో, టెస్లా లాంటివాటిలో, నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి మంచి సమ్మర్ టైరు మీదే చాలావరకు పని జరిగిపోతుంది. అక్కడ నాలుగు టైర్ల ఎత్తూ కంపెనీ ఇచ్చిన నిష్పత్తిలోనే ఉంచండి. రెండింటికే జిగురు టైర్లు వేయకండి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. లోనావాలా దగ్గరి ఆంబీ వ్యాలీలో వ్యాలీ రన్ డ్రాగ్ పోటీ జరిగింది ఎయిర్‌స్ట్రిప్ మీద. జిగురు మందు కొట్టి రబ్బరు రుద్దిన నేల దొరకని చోట స్లిక్ తెప్పించుకున్నా ధరకి తగిన ఫలితం రాదు. మంచి సమ్మర్ టైరు, నమ్మకమైన గాలి మీటరు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఈ వరసలో ఖర్చుపెట్టండి. ఎఫ్ఎంఎస్‌సీఐ (భారత మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) అనుమతి ఉన్న పోటీల్లోనే పాల్గొనండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద పరీక్షించడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అదీ కాక, ఆ దారిన కుటుంబాలతో వెళ్లేవాళ్లకి మీ పందెంతో సంబంధం లేదు.

సెకండ్ హ్యాండ్ డ్రాగ్ టైర్లు చవగ్గా దొరుకుతాయి, మంచివీ ఉంటాయి. ట్రెడ్ ఎంత మిగిలిందో చూసి మోసపోకండి. ఈ రబ్బరు అరగకపోయినా, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది. డీఓటీ అక్షరాల చివర ఉండే నాలుగంకెలు చూడండి. 2322 అంటే 2022లో 23వ వారం. గోరుతో నొక్కితే గుర్తు పడాలి. ఎండలో పడేసినవైతే సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లుంటాయి, అవి ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. కొన్నాక చీకటి గదిలో ఉంచండి. ట్రాక్‌లో చక్రం మార్చాక లగ్ నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించండి, మొదటి పరుగు తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. కొత్త రిమ్ము మందం తేడాగా ఉంటే స్టడ్డు మరలు నట్టులోకి సరిపడా ఎక్కవు. కనీసం స్టడ్డు వ్యాసమంత లోతున మర పట్టి ఉండాలి. పట్టలేదంటే పొడుగు స్టడ్లు వేయించాకే పరుగు.